జోగమ్మ కుడిచెయ్యి

సన్యాసమ్మకు గొంతు దగ్గర గడ్డ తీసిన ఏడాది, ఆసుపత్రి వార్డులో పక్క మంచం రోగికి తోడుగా వచ్చిన ఒక సంతాలీ గిరిజన ఆవిడ రోజూ పొద్దున్నే ఆమెకు తల దువ్వేది. అడక్కుండానే వచ్చేది. మెడకు కట్టు ఉండటంతో సన్యాసమ్మ తల ఎత్తలేకపోయేది. చిక్కులు పడిన జుట్టును ఆవిడ కొసల నుంచి విప్పుకుంటూ, నొప్పి తెలియకుండా దువ్వి, జడ వేసి వెళ్ళేది. పేరు అడుగుదామంటే సన్యాసమ్మకు గొంతు పెగిలేది కాదు. మాట వచ్చేనాటికి ఆవిడ తన మనిషిని తీసుకుని ఊరికి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చిన తర్వాతి ఆదివారం తెలుగు క్రైస్తవ సంఘంలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు. సన్యాసమ్మ లేచి నిలబడి డాక్టర్ల గురించి చెప్పింది, సంఘం చేసిన ప్రార్థనల గురించి చెప్పింది, ఆ దువ్వెన దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగక కూర్చుండిపోయింది.

"దేముడికి స్తోత్రం సెప్పుకుంతాను. ఆ మనిషికి ఏటి సెప్పను? ఎక్కడని ఎతకను?" అంది ఇంటికి నడుస్తూ.

ఆమె భర్త పోలరాజు టాటానగర్ లోకోషెడ్‌లో పనిచేసి రిటైరైనవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "ఎతక్కు. ఎవులికో ఒకలికి నువ్వూ దువ్వు" అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. ఆమె మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

టాటానగర్ స్టేషను పక్కనున్న బాగ్‌బేరాలో వాళ్ళ ఇంటికీ జోగమ్మ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. సన్యాసమ్మా జోగమ్మా ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చినవాళ్ళే. ఒకే కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని, రైల్వే యార్డులో బండ్లు గుద్దుకునే చప్పుడు మధ్యన అరుచుకుంటూ కబుర్లు చెప్పుకున్నవాళ్ళు. సన్యాసమ్మా పోలరాజూ బాప్తిస్మం తీసుకున్నాక జోగమ్మ పలకరింపు మానలేదు గానీ, వాళ్ళింట్లో తినడం మానేసింది. "మీ ఇంట్లో వద్దులే వదినా, ఏమీ అనుకోకు" అనేది. క్రిస్మస్‌కి ఇచ్చిన అరిసెలు రెండు చేతులా అందుకుని, మనసు నొచ్చుకోకుండా నాలుగు మంచి మాటలు చెప్పి, తరవాత వీధిలో పిల్లలకు పంచిపెట్టేది. సన్యాసమ్మకు ఆ సంగతి తెలుసు. పిల్లలు బాగానే తింటున్నారు కదా అని ప్రతి ఏడూ ఇస్తూనే వచ్చింది.

ఎండాకాలం మొదట్లో జోగమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మూతి పక్కకు తిరిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కొడుకు ఆదిబాబు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్ళక తప్పలేదు. కోడలు ఉమామహేశ్వరి ఊరి అవతల సోనారిలో ఒక బట్టల దుకాణంలో చేస్తుంది. పొద్దున్నే వండి, అత్తగారిని శుభ్రం చేసి, స్కూటీ మీద పరుగెత్తేది.

మూడో రోజో నాలుగో రోజో సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి ఆమెను ఆపింది.

"ఉమా, తాళం నాకిచ్చి ఎల్లు. మజ్జాన్నం నాను సూసుకుంతాను."

"మీకే ఒంట్లో బాగోదు కదా పిన్నీ."

"బాగయ్యింది కాబట్టే అడుగుతన్నాను."

ఉమామహేశ్వరి తాళం ఆమె చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ బండి తీసింది.

మొదటి రోజు జోగమ్మ ముఖం గోడకు తిప్పేసుకుంది. తన ఒంటిని మరొకరు చూడటం ఆమెకు చావులా ఉంది. సన్యాసమ్మ గిన్నెతో నీళ్ళు తెచ్చుకుని మంచం అంచున కూర్చుంది. తడిగుడ్డతో వీపు తుడిచింది, పౌడరు రాసింది, దుప్పటి మార్చింది. తల మాత్రం నెమ్మదిగా, కొసల నుంచి విప్పుకుంటూ దువ్వింది. దువ్వుతుంటే జోగమ్మ భుజాలు కొంచెం కొంచెంగా వదులయ్యాయి.

తిండి పెట్టేటప్పుడు ఆ ఇంటి వంటే, ఆ ఇంటి గిన్నెలోనే పెట్టేది. మింగుడు పడటం కష్టం. ఒక్కో చెంచాకి చాలాసేపు పట్టేది. ఒకరోజు మధ్యాహ్నం జావ కాద్దామని చూస్తే గ్యాసు అయిపోయింది. సన్యాసమ్మ తన ఇంటికి వెళ్ళి రాగిజావ కాచి తెచ్చింది. ఆ ఇంటి గిన్నెలోకి వంచి పట్టుకొస్తే జోగమ్మకు తెలిసేది కాదు. కానీ అలా చెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు.

"వదినా, ఇది మా ఇంటిది. మీ గేసు అయిపోనాది. తాగుతావా, ఉమ వచ్చిందాకా ఉంతావా? నీ ఇష్టం."

జోగమ్మ గిన్నె వంక చూసింది, ఆమె వంక చూసింది. తర్వాత నోరు తెరిచింది. సగం జావ అయ్యాక, వంకర తిరిగిన మూతితో, పదం పదం కూడబలుక్కుని ఒక మాట అంది.

"ఉప్పు... తక్కువ."

సన్యాసమ్మకు నవ్వు ఆగలేదు. ఉప్పు తేవడానికి వంటింట్లోకి పోతూ కూడా నవ్వుతూనే ఉంది.

అలా వానాకాలం వచ్చింది. జోగమ్మకు మాట కొంచెం తేటపడింది. కాలు నేల మీద ఆనించగలుగుతోంది. చెయ్యి మాత్రం ఒళ్ళో పడేసిన కర్రలా ఉండేది. వ్యాయామాలు చేయించమని ఆసుపత్రిలో చెప్పారు. వేళ్ళు ముడుచు, తెరువు అని సన్యాసమ్మ చెప్తే జోగమ్మ రెండుసార్లు ప్రయత్నించి, "ఇంకేటి సెయ్యడానికి ఈ సెయ్యి" అని వదిలేసేది.

పొద్దు వాలేసరికి ఆమెకు దిగులు ముంచుకొచ్చేది. మొదట్లో సన్యాసమ్మకు ఎందుకో అర్థం కాలేదు. ఒక సాయంత్రం అడిగింది.

"ఏటైంది వదినా? నొప్పా?"

"దీపం" అంది జోగమ్మ. "సంజె దీపం. పెళ్ళయి వచ్చినకాడి నుంచి ఒక్క పూట మానలేదు. ఉమ వచ్చేసరికి సీకటడిపోతంది. దేముడి కాడ సీకటి." కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. "నువ్వు పెట్టీ వదినా. ఒక్క పుల్ల గియ్యి. అంతే."

సన్యాసమ్మ గూటి వైపు చూసింది. వంటింటి పక్కన గూటిలో అమ్మవారి పటం, కుంకుమ బొట్లు, నూనె ఉన్న ప్రమిద, అగ్గిపెట్టె. నాలుగడుగుల దూరం కూడా లేదు. తాను ఆ పని మానేసి ఎన్నో ఏళ్ళయింది. ఎవరి బలవంతం మీదో మానలేదు, తన ప్రభువు మీది ప్రేమతో మానింది. ఇప్పుడు వెలిగిస్తే అది అబద్ధం అవుతుందని ఆమెకు తెలుసు. వెలిగించకుండా ఇంటికి పోతే, ఈ మనిషిని చీకట్లో వదిలేసి పోయినట్టవుతుందని కూడా తెలుసు.

"నాను ఎలిగించలేను వదినా" అంది మెల్లగా. "నీకు తెలుసు కదేటి."

జోగమ్మ కళ్ళు మూసుకుంది. "తెలుసులే."

సన్యాసమ్మ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, మూలన ఉన్న చక్రాల కుర్చీ మంచం పక్కకి లాగింది.

"నాను ఎలిగించను. నువ్వు ఎలిగించు. లే."

"ఈ సేత్తోనా?"

"ఎడం సేత్తో ఎలిగిత్తావా?"

"సీ! దేముడి దీపం ఎడం సేత్తోనా!"

"అయితే ఈ సెయ్యే. రా."

కుర్చీని గూటి దగ్గరికి తోసుకొచ్చింది. జోగమ్మ కుడి వేళ్ళ మధ్య అగ్గిపుల్ల పెట్టి, ఆ వేళ్ళ చుట్టూ తన వేళ్ళు బిగించింది. మొదటి పుల్ల విరిగింది. రెండోది కింద పడింది. మరోటి గీసింది గానీ చెయ్యి వణికి ఆరిపోయింది. జోగమ్మ పళ్ళు బిగపట్టి, చెమటలు పట్టి, చిన్నపిల్లలా పట్టుదలగా గీసింది. చివరికి వత్తి అంటుకుంది. పసుపు వెలుగులో జోగమ్మ ముఖం వంకరగానే నవ్వింది.

ఆ మర్నాడూ అదే జరిగింది. అటు తర్వాత రోజూ. వేళ్ళు ముడుచు తెరువు అంటే విననిది, సాయంత్రం అగ్గిపుల్ల పట్టుకోవాలంటే మధ్యాహ్నం నుంచే వేళ్ళు కదిలించుకోవడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం తలుపు తీసి ఉండగా సంఘంలోని ఎస్తేరమ్మ ఆ దారిన వెళ్తూ చూసింది. వీళ్ళిద్దరి చేతులూ, దీపమూ, పటమూ చూసింది. ఆదివారం స్త్రీల సమాజంలో ఆ మాట గుసగుసగా తిరిగి సన్యాసమ్మ చెవిన పడింది. ఆమె ఎవరితోనూ వాదించలేదు. ఆరాధన అయ్యాక తిన్నగా పాస్టరు సత్యప్రసాద్ దగ్గరికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"తప్పు సేసినానా అయ్యగారూ?"

ఆయన వయసులో ఆమె కొడుకు లాంటివాడు. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చున్నాడు.

"నేనైతే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదమ్మా" అన్నాడు. "పుల్ల గీసేటప్పుడు నీ మనసులో ఏమనుకున్నావు?"

"ఏటనుకుంతాను బాబూ. ప్రెభువా, ఈవిడ సెయ్యి కాలకుండా సూడు అనుకున్నాను."

సత్యప్రసాద్ నవ్వేశాడు. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ ప్రార్థన ఆయన విన్నట్టే ఉంది. రేపు నన్నూ తీసుకెళ్ళు, ఒకసారి చూసి వస్తాను."

మర్నాడు వచ్చి జోగమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె ఊరు ఏదో, పెళ్ళయి వచ్చినప్పుడు బాగ్‌బేరా ఎలా ఉండేదో అడిగాడు. లేచేముందు, "మీకోసం ప్రార్థన చెయ్యనా అమ్మా? వద్దంటే వద్దు" అన్నాడు.

"సెయ్యండి బాబూ" అంది జోగమ్మ. "మీ ప్రెభువుకి నా మాట కూడా ఒకటి సెప్పండి. ఈ సన్యాసమ్మ మోకాళ్ళు సల్లగా సూడమనండి. నన్ను లేపలేక సచ్చిపోతంది."

ఆయన ఆ మాటే ప్రార్థనలో అన్నాడు. సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వారం తిరక్కుండా ఎస్తేరమ్మ ఒక వాకర్ మోసుకుంటూ ఆటో దిగింది. అది ఆమె పోయిన అత్తగారిది. అటకెక్కించి ఉన్నదాన్ని దించి, తుప్పు గీకి, రబ్బరు బుడిపెలు కొత్తవి వేయించింది. "ఇది ఈవిడకి పనికొత్తాదేమో సూడు" అంది సన్యాసమ్మ ముఖంలోకి చూడకుండా. సన్యాసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. గుసగుసల ఊసు ఇద్దరూ ఎత్తలేదు. జోగమ్మ వాకర్ పట్టుకుని నిలబడితే ఎస్తేరమ్మే ముందుగా, "స్తోత్రం!" అని అరిచేసి, మళ్ళీ సర్దుకుని, "అదే, బాగా నిలబడినారు" అంది.

దసరా దాటేసరికి జోగమ్మ వాకర్‌తో వీధిలోకి వచ్చి నాలుగిళ్ళు దాటుతోంది. అప్పుడే వెనక లైన్లో, రైల్వే క్వార్టర్‌లో ఉండే భీమారావు భార్య సుధకు మొదటి కాన్పు అయింది. సుధ తల్లి లేని పిల్ల. అత్తగారు ఎక్కడో విజయనగరం అవతల మంచంలో ఉంది. బిడ్డను ఎలా ఎత్తుకోవాలో తెలియక సుధ ఏడుస్తోందని విని సన్యాసమ్మ బయలుదేరింది. గోడ అవతల నుంచి జోగమ్మ పిలిచింది.

"ఎక్కడికి?"

"సుద కాడికి. పసిగుడ్డుకి నీళ్ళు పోద్దారని."

"నీకు నీళ్ళు పొయ్యడం ఏటి తెలుసు? నీకున్న ఒక్క పిల్లడికీ మీ అమ్మే పోసింది. ఉండు, నానూ వత్తన్నా."

"నడవగలవా అంత దూరం?"

"నన్ను ఇంతకాలం కూకోబెట్టి సేవ సేసినావు. నాను ఒకలికి సెయ్యొద్దా?"

దారి పొడుగునా ఆగి ఆగి వెళ్ళారు. క్వార్టర్ పెరట్లో పీట వేసుకుని సన్యాసమ్మ కాళ్ళు చాపి కూర్చుంది. బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టారు. జోగమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని, గోరువెచ్చని నీళ్ళలో ఎడంచెయ్యి ముంచి వేడి చూసింది. "ఇంకొంచెం సన్నీళ్ళు కలుపు. తలకాయ కింద సెయ్యి పెట్టు. అలగ కాదు, ఇలగ." అని ముందుకు వంగి, వణుకుతున్న కుడిచేత్తో నూనె తీసుకుని బిడ్డ పొట్ట మీద రాసింది. చెయ్యి సరిగ్గా తిరగడం లేదు. నూనె కాస్త బిడ్డ మీదా, కాస్త సన్యాసమ్మ చీర మీదా పడింది. బిడ్డ ఏడుపు ఆపి, ఆ వంకర ముఖం వంక కళ్ళార్పకుండా చూశాడు.

"నా మూతి సూసి నవ్వుతున్నాడొలే ఈడు!" అని జోగమ్మ మురిసిపోయింది.

మోకాళ్ళ మీద వెచ్చగా బరువుగా ఉన్న ఆ పసివాణ్ణీ, నూనెతో మెరుస్తున్న ఆ చేతినీ చూస్తుంటే సన్యాసమ్మకు మనసు నిండుగా ఉంది. మనసులోనే దేవుడికి ఒక నమస్కారం చేసుకుంది.

నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, గుడ్డలో చుట్టి ఇచ్చాక బిడ్డ అమ్మ ఒళ్ళో హాయిగా నిద్రపోయాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కావడంతో సుధకు ముందు హిందీయే నోట్లోకి వచ్చింది. "ఆంటీ, కల్ భీ ఆయేంగీ నా?" అని, రేపూ వస్తారు కదా అన్నట్టు భయంభయంగా చూసింది.

"రాకేటి సేత్తాం?" అంది జోగమ్మ వాకర్ అందుకుంటూ. "నువ్వు నీళ్ళు కాసి ఉంచు. ఈవిడ వేడి సూడ్డం ఇంకా నేర్సుకోవాలి."