ఎంగిలి తడి

ఉమామహేశ్వరి దూదిపుల్లను నాలుక మీద అద్దుకుంది. తడి అంటలేదు. బుగ్గలు లోపలికి పీల్చి, చప్పరించి, మళ్లీ అద్దింది. పుల్ల పొడిగానే వచ్చింది.

ఎదుట చెక్కపీట మీద గాజు జెల్లీఫిష్. సముద్రంలో జీవాన్ని సీసాలో వేస్తే రంగు పోయి ముద్దవుతుందని, చదువుకునేవాళ్ల కోసం నూట ముప్పై ఏళ్ల కిందట ఎవరో గాజు కరిగించి చేసిన బొమ్మ. ఉల్లిపొరలాంటి గొడుగు, దాని కింద వెంట్రుకల్లా వేలాడే తీగలు. ఒక్కో తీగా జిగురుతో అతికించిందే. నీళ్లు తగిలితే ఆ జిగురు వదులుతుంది; చిక్కటి ఉమ్మి పుల్ల మీదే నిలిచి దుమ్మును మాత్రం లాగుతుంది. అందుకే ఈ కాలేజీ మ్యూజియంలో వీటి దుమ్ము ఉమ్మితోనే తుడుస్తారు.

చేరిన కొత్తలో ఆమెకు ఒళ్లు జలదరించింది. ఎంగిలి చెయ్యి కడగనిదే నీళ్ల చెంబు ముట్టని ఇంట్లో పుట్టిన మనిషి. పోను పోను అలవాటైంది. భర్త పోయాక అమెరికాలో ఈ అల్ఫారెట్టా ఊరి అపార్ట్‌మెంట్‌లో ఆమె ఎంగిలిని తప్పించుకునేవాళ్లూ లేరు, పంచుకునేవాళ్లూ లేరు. రోజుల తరబడి మాట పలకని నోటికి వారంలో మూడు రోజులు ఇక్కడే పని. తొమ్మిదేళ్లుగా అంతే.

కార్తీక సోమవారాల్లో చుక్క పొడిచేదాకా ఆమె మంచినీళ్లు కూడా ముట్టదు. ఏటా ఆ రోజులకు సెలవు పెట్టుకునేది. రేపు పిల్లలు బొమ్మలు చూసి గీసుకోవడానికి వస్తున్నారంటే ఈ సోమవారం మాత్రం వచ్చింది.

గొడుగు అంచున ఇంకా గోరంత దుమ్ము మిగిలింది. సింకు దగ్గరికి వెళ్లి పుల్ల కొస తడిపింది. ఒక్క బొట్టేగా అనుకుంది. తుడిచింది. గాజు మెరిసింది. ఒక తీగ సడి లేకుండా జారి, కింద పరిచిన దూది మీద పడింది.

విరగలేదు. ఎత్తి పక్క తీగలకు ఆనించింది. నిలబడింది.

గదిలో ఎవరూ లేరు. నీళ్లు వాడినవాళ్లను ఈ పనిలోంచి తీసేస్తామని తలుపు మీద కాగితం ఉంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. రేపు ఏ పిల్లో బల్లకు తగిలితే రాలుతుంది. తప్పు ఆ పిల్ల మీదికే పోతుంది.

దూదిపుల్ల పక్కన పెట్టి, పక్క గదిలోకి కేక వేసింది.

"దియా, ఒకసారి రామ్మా."

దియ ఈ గదికి పై అధికారి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. వంగి చూసింది.

"బాగానే ఉంది కదా ఆంటీ?"

"మెల్లిగా ఊదు."

ఊదింది. తీగ రాలింది.

"ఓ గాడ్! వాటర్ పెట్టావా? స్పిట్ అయిపోయిందా ఏంటి?"

"అయిపోయిందమ్మా. సోమవారం, ఉపవాసం."

"ఒక్క సిప్ తాగొచ్చు కదా! శివుడు వచ్చి చెక్ చేస్తాడా?"

"ఆయనకెందుకు? నాకు తెలుసుగా."

దియ నవ్వబోయి ఆగింది. "నేను రిపోర్ట్ రాయాలి ఆంటీ. రాస్తే నీకు మళ్లీ ఈ వర్క్ ఇవ్వరు. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"రాసెయ్ తల్లీ."

దియ ఫోన్ చేయడానికి పక్క గదికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి రాలిన తీగ దూదిపొత్తిలో పొందిగ్గా పడుకుని ఉంది. ఉమామహేశ్వరి లేదు. కిటికీలోంచి ఆమె కారు పార్కింగ్ దాటిపోతూ కనిపించింది. ఇంకా వెలుగు పోలేదు.

ఎత్తు చాలక ఆమె కుర్చీలో వేసుకునే మడత తువ్వాలు అక్కడే ఉండిపోయింది. మనిషి కూర్చున్న గుంట దాని నడుమ ఇంకా లేవలేదు.