నలభయ్యో రోజు గోధుమలు

సొరుగు శుభ్రం చేయడానికి వచ్చిన ఆయా మెరియోనీ నుదుటి మీద నిన్న చేతికర్రతో కొట్టాను. రక్తం వచ్చింది. కొట్టిన క్షణంలో నాకు హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ అదే నిజం.

కరోనా అని ఈ వృద్ధాశ్రమంలో మమ్మల్ని ఎవరి గదిలో వాళ్లని పెట్టి తలుపులు మూసి అరవై మూడు రోజులైంది. ట్రే వస్తుంది, ట్రే పోతుంది. మొదట్లో టీవీతో మాట్లాడేదాన్ని, తర్వాత దాన్ని తిట్టేదాన్ని, ఆ తర్వాత గోడకేసి తల కొట్టుకున్నాను. నొప్పి పుడితే ఇంకా బతికే ఉన్నానని తెలిసేది. పక్క గదిలో దెస్పినా మాత్రం రోజూ పొద్దున్నే గోడ మీద తట్టేది. మేమిద్దరం ఇదే మెల్‌బోర్న్‌లో ఒకే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు చొక్కాలు కుట్టినవాళ్లం. ఒకరోజు తట్టలేదు. అడిగితే, "పడుకుంది బామ్మా" అన్నారు. అలా ఎన్ని రోజులు పడుకుంటుంది? పోయిందనే అనుకుని, తట్టని రోజు నుంచి లెక్కపెట్టాను.

మా గ్రీకుల్లో మనిషి పోయిన నలభయ్యో రోజున ఉడికించిన గోధుమల్లో పంచదార, కిస్‌మిస్ కలిపి పంచుతాం. తిన్నవాళ్లు ఆ మనిషి పేరు తలచుకుని, దేవుడు క్షమించాలి అంటారు. ఇక్కడ నాకు గోధుమలెవరిస్తారు? టిఫిన్లో వచ్చే గోధుమ బిస్కెట్లలో సగం, కిస్‌మిస్ మొత్తం ఏరి, కట్టుడు పళ్ల డబ్బాలో దాచాను. బూజు పట్టింది, కాదనను. "ఛీ, చీమలు పడతాయి బామ్మా" అని మెరియోనీ చెత్తసంచిలో పారేసింది. నిన్నే నలభయ్యో రోజు.

ఇవాళ మధ్యాహ్నం మా అబ్బాయి లెఫ్టేరిస్ కిటికీ అవతల నిలబడ్డాడు, చెవి దగ్గర ఫోను, చేతిలో కాగితం. మెరియోనీని కొట్టానని నాకు రోజుకు రెండు మత్తు మాత్రలు వేస్తారట, దానికి వాడు ఒప్పుకోవాలట.

"సంతకం పెట్టేస్తానమ్మా. నీ మంచికే. ఏ గొడవా లేకుండా పడుకుంటావు."

"దెస్పినా ఏదిరా?"

వాడు నేలచూపులు చూశాడు. "పోయిన శుక్రవారం పోయిందమ్మా. నీకు చెప్పొద్దన్నారు."

"శుక్రవారమా? తట్టడం మానేసి నలభై రోజులైంది కదరా."

"చప్పుడు చేస్తోందని మంచం అవతలి గోడకి జరిపారట."

అంటే నేనిక్కడ దాని దినం చేయబోతుంటే అది అక్కడ అవతల ఎవరూ లేని గోడను తడుతూ ఉంది. నా నుదురు కిటికీ అద్దానికి తగిలింది. మళ్లీ కొట్టాను. మూడోసారికి అద్దం మీద ఎర్రగా మరక పడింది.

"చూశావా, ఇందుకే మాత్రలు" అన్నాడు వాడు, కలం తీస్తూ.

"మెరియోనీ కాళ్లు పట్టుకుంటాను, తప్పు నాదే. సంతకం మాత్రం పెట్టకు. దెస్పినా నలభయ్యో రోజుకి ఇంకా నెల పైన ఉంది. ఈసారి లెక్క తప్పకూడదు, నాకు తెలివి ఉండాలి."

"ఆడదానివై ఉండి మనిషి మీద చెయ్యి చేసుకుంటావా? నాన్న ఉంటే తలెత్తుకోలేకపోయేవాడు."

నేను రక్తం తుడుచుకున్నాను.

"మీ నాన్న ముప్పయ్యేళ్లు నన్ను కొట్టాడు, లెఫ్టేరిస్. పక్క మంచం మీంచి అంతా విన్నావు. ఆయనకి ఒక్క మాత్ర ఎవరైనా రాశారా?"