శవం వేషగాడి కుడిచెయ్యి

బతికున్న వెర్నన్‌ని ఆ ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. గాజు ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డ రోజున పట్టించుకోలేదు, పెళ్ళాం పెట్టె సర్దుకుని కొలంబస్ నగరానికి వెళ్ళిపోయిన రోజున పట్టించుకోలేదు. టైర్ల షాపులో మోకాళ్ళ మీద కూర్చుని నట్లు విప్పుతుంటే అతని నెత్తి మీదుగానే మాట్లాడుకునేవాళ్ళు. కానీ ఏడాదికొకసారి, అక్టోబరు ఆఖర్లో, చచ్చిన వెర్నన్‌ని చూడ్డానికి మాత్రం ఊరు ఊరంతా టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది.

ఊరి కళాకారులకి అదొక జబ్బు. బోర్డులు రాసేవాళ్ళు, పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు, బార్లో గిటారు వాయించేవాళ్ళు, హాలోవీన్ దయ్యాల పండగ వస్తోందంటే తలా ఒక చిన్న దయ్యం సినిమా తీస్తారు. ఇంట్లో దుప్పట్లే దయ్యాలు. మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు కలిపితే నెత్తురు. పండగ సాయంత్రం అన్నిటినీ మెయిన్ స్ట్రీట్ చివరున్న పాత థియేటర్లో వరసగా వేస్తారు. కథ ఏదైనా సరే, శవం మాత్రం వెర్నన్‌దే.

ఎందుకంటే ఆ థియేటర్లో ఒక ఆనవాయితీ ఉంది. తెరమీద శవం కనబడగానే హాలంతా ఊపిరి బిగబట్టి దాని ఛాతీ వంకే చూస్తుంది. ఏమాత్రం కదిలినా సరే, "బతికాడు" అని అరిచి, మొక్కజొన్న గింజల్లా ఉండే పంచదార బిళ్ళలు గుప్పెళ్ళతో తెరమీదికి విసురుతారు. దొరికిపోయిన శవం అందరి ముందూ చీపురు పట్టి ఆ బిళ్ళలన్నీ ఊడవాలి. పాస్టర్ ఊడ్చాడు, పూలకొట్టు ఆవిడ ఊడ్చింది, హైస్కూలు ఫుట్‌బాల్ కోచ్ రెండేళ్ళు వరసగా ఊడ్చాడు. వెర్నన్ మీద మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క బిళ్ళ పడలేదు. మనిషికి ఏదో ఒక పేరుండాలి కదా. అతనికి ఉన్నది అదొక్కటే.

ఈ వేసవిలో కుడిచెయ్యి మొదలుపెట్టింది.

పనిలో ఉంటే ఏమీ లేదు. పానా పడితే బండరాయిలా ఉంటుంది. ఒళ్ళో ఊరికే పెట్టుకుంటే చాలు, బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనబడని గింజనేదో నలపడం మొదలుపెడతాయి. అతను కదిలితే అది ఆగుతుంది, అతను ఆగితే అది కదులుతుంది. దేవుడికి వెక్కిరించడానికి ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదు కాబోలు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే దానికో పేరు పెడతాడు. పేరు పెట్టాక అది పోదు. అందుకని కూర్చున్న చోట కూర్చోకుండా, నిలబడ్డ చోట నిలబడకుండా, చెయ్యి జేబులో దోపుకుని ఊరంతా తిరిగేవాడు.

షాపు యజమాని డ్వేన్‌కి అది ఉత్సాహంలా కనబడింది. "ఏరా వెర్నన్, ఈ ఏడు ఎవరి చేతిలో చస్తున్నావు?" అన్నాడు.

"కొరీన్ చేతిలో."

"మంచిది. నా చేతిలోనైతే జీతం అడుగుతావు."

కొరీన్ ఊళ్ళో దుకాణాలకి బోర్డులు రాస్తుంది. ఆమె ఇంటి నేలమాళిగలో, శనివారం మధ్యాహ్నం, కుట్టుబల్ల మీద వెర్నన్ చచ్చిపడుకున్నాడు. చేతులు రెండూ దుప్పటి కిందకి లాక్కున్నాడు. ఆమె వచ్చి కుడిచెయ్యి పట్టుకుని బల్ల అంచు నుంచి కిందకి వేలాడేసింది. నెత్తురు వేలి కొస నుంచి బొట్టుబొట్టుగా కారాలట. ఎడమచెయ్యి పెడదాం, అటైతే వెలుతురు బాగుంటుంది అని అతను నసిగాడు. చెయ్యెందుకు, జనం చూసేది ఛాతీయే కదా అని కూడా అన్నాడు.

"శవం సలహాలివ్వదు వెర్నన్. పడుకో," అంది కొరీన్.

పడుకున్నాడు. ఊపిరి ఎప్పటిలాగే అడుగున ఎక్కడో దాక్కుంది. మొదటి బొట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తరవాతవి చెదిరాయి. గచ్చు మీద ఎర్రచుక్కలు అటూ ఇటూ పడుతుంటే కొరీన్ హీటరు గాలిని తిట్టి, దాన్ని ఆపేసి, షాటు మళ్ళీ తీసింది. మళ్ళీ చెదిరాయి. తీసినదాన్ని కెమెరా వెనక అరచేయంత తెరలో ఇద్దరూ చూశారు. ఆమె ఛాతీనే చూసింది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరైనా శవం ఛాతీనే చూస్తారు.

"రాయివి నువ్వు," అని అతని బుగ్గ తట్టింది.

ఆ అరచేయంత తెరలోనూ వెర్నన్ చూసింది వేళ్ళనే. అప్పట్నుంచీ అతనికి తిండి లేదు, నిద్ర లేదు. ఒక పూట బేకరీ అద్దం మీద ఆమె గుమ్మడికాయ బొమ్మ వేస్తుంటే వెళ్ళి వెనక నిలబడ్డాడు. ఆ చెయ్యి షాటు తీసెయ్యమని అడిగాడు. అది తీసేస్తే సినిమాలో మిగిలేది మా నేలమాళిగే అని ఆమె నవ్వింది. ఎందుకు తియ్యాలో చెప్పమంది. చెబితే రేపట్నుంచి శవం వేషం ఇంకెవడిదో అవుతుంది, తను చుట్టూ జాలిపడేవాళ్ళున్న మామూలు వెర్నన్ అవుతాడు. ఊరికే అడిగానని చెప్పి వచ్చేశాడు.

పండగ సాయంత్రం హాలు నిండిపోయింది. వెర్నన్ వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు. లేచి ఇంకో చోట కూర్చున్నాడు. మళ్ళీ తలుపు దగ్గరికే వచ్చాడు. ఈలోగా పక్క సీట్లో అర్లీన్ వచ్చి కూర్చుంది. ఆమె మొగుడు రే ఊరి బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు, పోయిన ఏడాది పోయాడు. ఆమె ఒళ్ళో బిళ్ళల సంచి ఉంది.

కొరీన్ సినిమా వచ్చింది. హాలు ఊపిరి బిగబట్టింది. ఛాతీ రాయిలా ఉంది. వెర్నన్ గుండె కొంచెం కుదుటపడింది. అంతలో చెయ్యి వచ్చింది. కెమెరాలో అగ్గిపుల్లంత ఉన్న బొటనవేలు అక్కడ ట్రక్కంత ఉంది. ఆ ట్రక్కు వణుకుతోంది.

ముందు వరసలోంచి ఎవరో మెల్లగా, "చెయ్యి చూడండ్రా," అన్నారు.

తరవాత హాలు హాలంతా పెళ్ళున పగిలింది. "బతికాడు, వెర్నన్ బతికాడు" అని కేకలు. ఇన్నేళ్ళుగా దాచుకున్న బిళ్ళలన్నీ ఒక్కసారే విసిరినట్టు తెర పటపటలాడింది. డ్వేన్ లేచి నిలబడి రెండు చేతులా విసిరాడు. కొరీన్‌కి ఆ షాటంటే ప్రాణం కాబట్టి పొడుగ్గా ఉంచింది. సంచులు ఖాళీ అయ్యాయి, చెయ్యి ఆగలేదు. నవ్వులు పలచబడ్డాయి, చెయ్యి ఆగలేదు. అప్పుడు కొరీన్ ముందు వరసలోంచి వెనక్కి తిరిగి చీకట్లో అతని కోసం వెతికింది.

అర్లీన్ ఒక్క బిళ్ళ కూడా విసరలేదు. తెర వంక చూడ్డం ఎప్పుడో మానేసి, అతని మోకాలి మీదున్న చెయ్యి వంక చూస్తోంది.

"మా ఆయనకి కూడా బొటనవేలితోనే మొదలైంది," అంది.

"అది నటన," అన్నాడు వెర్నన్.

"ఆయన తాళం వేస్తున్నానని చెప్పేవాడు. ఏడాదిపాటు నమ్మాను." సంచి మూతి ముడేసింది. "సోమవారం కొలంబస్‌లో ఆయన్ని చూసిన డాక్టరు దగ్గరికి వెళ్దాం. నా కార్లో."

అతను చెయ్యి జేబులో దోపుకున్నాడు. దీపాలు వెలిగాయి. డ్వేన్ చీపురు పట్టుకుని ఊరేగింపుగా వచ్చి, రాజుగారికి కత్తి అందించినట్టు వంగి అందించాడు. జనం చప్పట్లు కొట్టారు. వెర్నన్ లేచి చీపురు అందుకున్నాడు.

ఊడవడం మొదలుపెట్టగానే చెయ్యి నిలిచింది. కర్ర మీద అయిదు వేళ్ళూ మేకులు కొట్టినట్టు నిలిచాయి. తెర కింద ఊడ్చాడు, వరసల మధ్య ఊడ్చాడు, కుర్చీల కింద వంగి ఊడ్చాడు. జనం కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. కొరీన్ కుప్ప దగ్గర చేట పట్టుకుని నిలబడింది. బిళ్ళలన్నీ చేటలోకి వచ్చేశాయి.

తలుపు దగ్గర అర్లీన్ కారు తాళాలు చేతిలో పట్టుకుని అతని జవాబు కోసం ఎదురుచూస్తోంది. వెర్నన్ ఆమెను చూశాడు. చీపురు మాత్రం వదల్లేదు. శుభ్రంగా ఉన్న నేలని మళ్ళీ మొదటి వరస నుంచి ఊడవడం మొదలుపెట్టాడు.