పక్క మగ్గం ఆవిడ

మిల్లు వాళ్లు పనివాళ్ల కోసం కట్టించిన వరుస ఇళ్లలో మాకో గది. కిటికీ తీస్తే మసి, మూస్తే ఉక్క. అయినా కొత్త కాపురం కదా, ఒకే కొక్కేనికి మా ఆయన చొక్కా, నా చీర వేలాడుతుంటే చూసుకుని మురిసిపోయేదాన్ని.

నా కడుపుమంటంతా ఒక్క మనిషి మీదే. మిల్లులో మా ఆయన పక్క మగ్గం నడిపే ఆవిడ, ఉండేదీ మా వరుసలోనే. మగ్గాల హోరులో అరిచినా వినపడదు కనుక అక్కడ అందరూ గొంతు లేకుండా పెదవులు కదిపి మాట్లాడుకుంటారట. సరే. ఇంటికొచ్చాక కూడానా? కుళాయి దగ్గర ఆవిడ పెదవి కదిపితే చాలు, గడపలో ఈయన పకపకా నవ్వుతాడు.

అదే నేను చెవిలో గుసగుసలాడితే, "ఆఁ? గట్టిగా చెప్పు!" అంటాడు. ఆ హోరుకి చెవులు మొద్దుబారాయి మరి. గట్టిగా చెబితే పల్చటి గోడకవతల ముసలమ్మ దగ్గుతుంది.

"ఏమందండీ ఆవిడ?"

"ఏముంది, నూలు తెగిందంట."

"నూలు తెగితే అంత నవ్వొస్తుందా?"

"నీకు తెలీదులే."

ఆ మాటకి ఒళ్లు మండింది. కాలేజీలో చదువుకున్నదాన్ని, ఇదో లెక్కా? కిటికీ చాటు నుంచి ఆవిడ పెదవులే చూస్తూ, అద్దం ముందు సాధన చేస్తూ, బోలెడన్ని కూరలు మాడ్చాను.

సెలవు రోజు పొద్దున కుళాయి దగ్గర నాదే ముందు బిందె. నా వెనకే ఆవిడ, ఆ వెనక వరుసంతా. గడపలో మా ఆయన. వెనక్కి తిరిగి, అందరి తలల మీదుగా ఆయన్నే చూస్తూ, గొంతు లేకుండా అన్నాను: "మీరు పెట్టిన ముద్దు ఇంకా చెంప మీదే ఉంది."

బిందెల చప్పుడు ఆగిపోయింది. అప్పటికిగాని వెలగలేదు, అక్కడున్న వాళ్లంతా మగ్గాల మీద పనిచేసేవాళ్లేనని! ముసలమ్మ పెదవులు కదిలాయి. "ఒక్క చెంప మీదేనా?" స్పష్టంగా అర్థమైంది, నా ఖర్మ.

పక్క మగ్గం ఆవిడ నవ్వాపుకోలేక బిందె దించేసింది. "పిచ్చిపిల్లా, అంత నోరు తెరిస్తే ఊరంతా వినదూ? మొగుడూ పెళ్లాల మాటకి అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలే!"

మా ఆయనతో మాట్లాడేటప్పుడు ఈవిడ ఏనాడూ చెయ్యి అడ్డం పెట్టలేదు. గుండె కాస్త చల్లబడింది.

అంతలో గడపలోంచి మా ఆయన, ముఖమంతా ఎర్రగా, పెదవుల పక్కన అరచెయ్యి అడ్డం పెట్టి ఏదో అన్నాడు. అది నాకొక్కదానికే కనిపించింది.

"ఏమన్నాడే?" ఆవిడ మెడ సాచింది.

"ఏముందక్కా," బిందె చంకనెత్తుకున్నాను, "నూలు తెగిందంట."