బల్లకు అవతలి వైపు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. మిషను దారం తెగితే దారాన్ని తిడతాను, తెగకపోతే ఇంట్లో ఎవరో ఒకరు దొరుకుతారు. అలాంటిదాన్ని ఆ రోజు బడి ఆఫీసు గదిలో నోరు మూసుకుని కూర్చోవడానికి ఎంత అవస్థ పడ్డానో నాకే తెలుసు.

మా చిన్నదానికి ఏడేళ్లు నిండాయి. నాలుగున్నరేళ్లు వచ్చేదాకా దానికి మాటలే రాలేదు. వచ్చాక కూడా ఆచితూచి వాడుకుంటుంది. తొందరపెట్టొద్దని డాక్టరు అనడంతో బడిలో వేయడం వెనకబడింది. దాని ఈడు పిల్లలంతా ఇప్పుడు రెండో తరగతి. నాలుగు ముక్కలు చదివితే రెండులో చేర్చుకుంటామనీ, లేకపోతే ఒకటో తరగతిలో చంటిపిల్లల మధ్య కూర్చోవలసిందేననీ టీచరుగారు ముందే చెప్పారు. చిన్నది చేతులు కట్టుకుని, "బుడ్డోళ్లతో నేను కూర్చోను. బడికే పోను" అని తేల్చేసింది. అది ఒక్కసారిగా అన్ని మాటలు ఖర్చుపెట్టిందంటే ఆషామాషీ కాదు.

టీచరుగారు కథల పుస్తకం తెరిచి దాని ముందుకు జరిపారు. "ఏదీ తల్లీ, ఇక్కణ్ణించి చదువు."

చిన్నది పుస్తకాన్ని గిర్రున తిప్పి తలకిందులుగా పెట్టుకుంది.

"పుస్తకం పట్టుకోవడం కూడా రాదా నీకు!" అని లాక్కుని సరిగ్గా పెట్టాను. అది మళ్లీ తిప్పింది. నేను మళ్లీ సరిచేసి, ఈసారి చేతిమీద చిన్న దెబ్బ కూడా వేశాను. అంతే, ఇక ఉలుకూ లేదు పలుకూ లేదు. టీచరుగారు నిట్టూర్చి తన ముందున్న రిజిస్టరులో ఏదో రాయసాగారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు చిన్నది బల్లమీదికి వంగి, టీచరుగారి కలాన్నే చూస్తూ తాపీగా అంది. "చదవడం... రాదు. ఒకటో... తరగతి."

కలం ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"మీరు రాశారుగా."

టీచరుగారి ముఖంలో విసుగంతా ఎటు పోయిందో తెలియదు. కొత్త ఆటబొమ్మ దొరికినట్టు కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఒక చీటీ తీసి, తనవైపే పెట్టుకుని గబగబా ఏదో రాశారు. చిన్నది ఇవతల నుంచే చదివింది. "మా పిల్లి... నిన్న... పాలగిన్నె తన్నేసింది." చదివి ఊరుకుందా? "ఎందుకు తన్నింది?" అని ఎదురు ప్రశ్న వేసింది.

టీచరుగారు పకపకా నవ్వి చీటీని దానివైపు తిప్పారు. చిన్నది కళ్లు చిట్లించింది. "ఇప్పుడు రావట్లేదు."

"ఇలా ఎవరు నేర్పారమ్మా?" అని టీచరుగారు నన్నడిగారు.

"దీనికెవరూ నేర్పలేదండీ. పెద్దదానికి పాఠాలు చెప్పేసరికే నా పని తెల్లారుతుంది."

"పెద్దపాపకి చెప్పేటప్పుడు ఇది ఎక్కడుంటుంది?"

చెప్పాను. నేను కర్టెన్లు కుడతాను. అంత పొడుగు బట్ట సూది కింద నుంచి అవతలికి జారిపోతుంది, నేలమీద పడితే మురికవుతుంది. అందుకని చిన్నది బల్లకు అవతల నిలబడి బట్ట అందుకుంటుంది. పెద్దది నా పక్కన కూర్చుని, బల్లమీద పుస్తకం పెట్టుకుని వేలు పెట్టి పైకి చదువుతుంది, తడబడితే నేను చెబుతాను. సగం చెప్పి ఆగిపోయాను. మూడేళ్లుగా పెద్దది చదివిన ప్రతి పాఠాన్నీ ఇది అటునుంచి చూసింది!

చీటీని నేనూ తలకిందులుగా పెట్టుకుని చూశాను. పదో తరగతి పాసైనదాన్ని, ఒక్క ముక్క కొరుకుడు పడలేదు.

"నావల్లా కాదు లెండి" అన్నారు టీచరుగారు. "పుస్తకాన్ని రోజుకి కాస్త కాస్త తిప్పుతూ వద్దాం. ఏం జరుగుతుందో నాకూ చూడాలనుంది." రిజిస్టరులో రాసింది కొట్టేసి, రెండో తరగతి అని రాశారు. చిన్నది వంగి చదివి, సరేనన్నట్టు తలూపింది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

"ఇంకేమైనా చదువుతావా?" టీచరుగారు నేను తెచ్చిన దరఖాస్తును తన ముందు పెట్టుకున్నారు.

చిన్నది దానివంక సరిగ్గా చూడను కూడా లేదు. "'పిల్లకు తెలివి తక్కువ. కొంచెం ఓపిగ్గా చూడండి.' ఇది పొద్దున్నే చదివేశా. అమ్మ మిషను బల్లమీద పెట్టి రాసింది. నేను కర్టెన్ మడతపెడుతున్నా."

దాని గొంతులో నిష్ఠూరం లేదు. అడిగారు కాబట్టి చెప్పింది. పిల్ల గురించి నాలుగు మాటలు రాయమన్న చోట నేను రాసిన మాటలే అవి. ఎవరూ కొట్టకూడదని, ప్రేమతోనే రాశాను. అయినా సిగ్గుతో చచ్చిపోయాను. ఏడేళ్లూ నా కళ్ల ముందే తిరిగిన పిల్లని నేనసలు చూడనే లేదు.

టీచరుగారు దరఖాస్తూ కలమూ నా ముందుకు జరిపారు. ఆ రెండు ముక్కల్నీ కాగితం చిరిగిపోతుందేమో అన్నంతగా కొట్టేశాను. ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. నోటికి అడ్డూ ఆపూ లేని నాకు ఒక్క మాట దొరకలేదు.

చిన్నది కుర్చీ దిగింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, నాకు ఎదురుగా, టీచరుగారి పక్కన నిలబడి, రెండు మోచేతులూ బల్లమీద ఆనించింది.

"రాయమ్మా" అంది. "చదువుతా."