ఆడ చెయ్యి పడని బండి

“బానెట్ మీద నా మొహం కనపడాలి. ఒక్క వేలిముద్ర ఉందో, బేరం పోయినట్టే,” అని చెప్పి ఆయన స్నానానికి వెళ్ళాడు. ఆమె పాత బనియను ముక్క తడిపి మళ్ళీ మొదలుపెట్టింది.

ముదురాకుపచ్చ ఇంగ్లండు బండి. రెండే సీట్లు. టాపు మడిస్తే ఆకాశమే కప్పు. అలాంటివి లోకంలో ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయట. పెళ్ళికి ముందే కొన్నాడు. కొత్తలో ఓసారి, “నన్ను నడపనివ్వరూ?” అని అడిగింది. “ఇది గుర్రంలాంటిది, నీకు లొంగదు,” అన్నాడు. అత్తగారు ఊరుకుందా? “వాడికున్న సరదా అదొక్కటే. అందులోనూ నీకు వాటా కావాలా తల్లీ?” అంది. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అలాగని ఆమెకి డ్రైవింగు రాదా అంటే, ఇంట్లో పెద్దకారు తోలేది ఆమే. పిల్లల్ని బడికి, మామగారిని ఆసుపత్రికి, ఆడపడుచుని స్టేషనుకి. వెనకసీటు నుంచి ఒకటే గోల. “గుంత చూసుకో అమ్మాయ్”, “వదినా, రైలు పోతుంది, తొక్కు!” ఎప్పుడైనా బండి ఖాళీగా వెళ్ళిందంటే, ఎవర్నో ఎక్కించుకు రావడానికే. అందుకే ఆదివారాలు ఈ చిన్నబండి తుడిచేటప్పుడు, చెక్క స్టీరింగు దగ్గరికొచ్చేసరికి గుడ్డ నెమ్మదించేది. కళ్ళు మూసుకుంటే చాలు, జుట్టు గాలికి ఎగిరినట్టే ఉండేది. ఈలోగా లోపల్నుంచి ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు.

ఇవాళ అమ్మేస్తే ఆ కళ్ళు మూసుకోవడం కూడా ఉండదు.

కొనడానికి వచ్చింది ఓ పళ్ళ డాక్టరు. బండి చుట్టూ తిరిగి, “అబ్బ, అద్దంలా ఉంచారండీ! ఎన్ని చేతులు మారింది?” అన్నాడు.

“ఒకటే చెయ్యి, నాది. ఆడ చెయ్యి పడనిస్తేగా!”

ఇద్దరూ పగలబడి నవ్వారు.

టీ ట్రేతో అప్పుడే గుమ్మం దిగిన ఆమె తన గోళ్ళకేసి చూసుకుంది. బండి పాలిష్ నలుపు ఇంకా వదల్లేదు. నేరుగా వెళ్ళి ట్రే బానెట్ మీద పెట్టింది.

“అయ్యయ్యో, గీత పడుద్ది!” ఆయన గబుక్కున ట్రే ఎత్తుకున్నాడు. రెండు చేతులూ నిండిపోయాయి. ఆమె ఆయన చొక్కా జేబులోంచి తాళం తీసుకుంది. టాపు అప్పటికే మడిచి ఉంది. కూర్చుంది. తలుపేసుకుంది.

“ఏయ్, పిచ్చిగానీ పట్టిందా? ఎక్కడికి?”

“తెలీదండీ. టీ చల్లారితే వేడి చేసుకోండి.”

గుర్రం లొంగనూ లేదు, గింజుకోనూ లేదు. గుర్రుమని కదిలింది, అంతే. వీధి చివర కుక్క అడ్డమొస్తే బ్రేకు తొక్కింది. పక్కన కూర్చున్నవాళ్ళు ముందుకి తూలకుండా ఆపే ఏళ్ళ అలవాటుకొద్దీ ఎడంచెయ్యి పక్కసీటుకి అడ్డంగా వెళ్ళింది.

అక్కడ ఎవరూ లేరు.

ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, గేరు మార్చింది.