పాత ఫ్రిజ్జు గొళ్ళెం

కొడుకు ఏ పాత సామాను ఇంటికి తెచ్చినా ఆ తల్లి గుండెల్లో రాయి పడేది. ఎనామిల్ గిన్నెలు తెస్తే, పెచ్చు ఊడి పేగుల్లో గుచ్చుకుంటుందంది. పాతకాలపు టోస్టరు తెస్తే, కరెంటు కొడుతుందని నాలుగు రోజులు చెప్పులేసుకుని వంట చేసింది. పేగులూ బాగానే ఉన్నాయి, కరెంటూ కొట్టలేదు. దాంతో ఇంట్లో ఆమె మాటకి విలువ లేకుండా పోయింది.

ఈసారి వంటింట్లోకి ఫ్రిజ్జు వచ్చింది. వాడు పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందుది. మీగడ రంగు, గుండ్రటి భుజాలు, తలుపుకి కారుకి ఉన్నట్టు లావుపాటి పిడి. మూస్తే టక్కున గొళ్ళెం పడుతుంది. బయటినుంచి పిడి లాగితే తప్ప తెరుచుకోదు. చుట్టూ కొత్త రబ్బరు పట్టీ వేయించి, “గాలి కూడా దూరదు” అని వాడు మురిసిపోయాడు. తుప్పు గీకడానికి అరలన్నీ తీసి బాల్కనీలో పెట్టాడు. ఖాళీ ఫ్రిజ్జులో అయిదేళ్ల మనవరాలు కాళ్లు ముడుచుకుని కూర్చునేంత చోటుంది. ఆ పిల్లకి దాగుడుమూతలంటే ప్రాణం. బీరువా, మంచం కింద, మాసిన బట్టల బుట్ట, అన్నీ అయిపోయాయి.

“ఒరే, ఆ గొళ్ళెం పీకెయ్యరా. పిల్ల అందులో దూరిందంటే ఇంకేమన్నా ఉందా?”

“అది ఒరిజినల్ అమ్మా! మరలతో సహా అలాగే దొరికింది. అది తీస్తే మిగిలేది ఉత్త రేకు డబ్బా.”

“పిల్లకంటే ఎక్కువట్రా నీ ఒరిజినల్?”

“పది రోజుల్లో అరలు పెట్టేస్తాగా. రోజూ ‘నాన్నా, పులి’ అని అరిస్తే ఎవరు నమ్ముతారు?”

“ఆ కథలో ఆఖరికి పులి వచ్చిందిరా!”

కోడలు నవ్వాపుకుంటూ, “దూరొద్దని దానికి చెప్పాంలెండి అత్తయ్యా. అయినా లోపలుంటే అరవదా, మనకి వినపడదా?” అంది.

ఆమె తువ్వాలుతో పిడిని కట్టేసింది. రంగు పోతుందని కొడుకు విప్పేశాడు. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టింది. కోడలు దాన్ని బల్ల దగ్గరికి లాక్కుంది. మూడు రోజులు ఆమె కన్నం దగ్గర పిల్లిలా కాపలా కాసింది. రెండుసార్లు కూర మాడింది. ఆ మాడిన కూరకీ ఆమెనే అన్నారు.

నాలుగోరోజు పొద్దున కొడుకు పోగేసిన వాటిలోంచి అలారం గడియారం తీసింది. నెత్తిన రెండు గంటలున్నది. అది మోగితే పైవాటావాళ్లు నేలమీద కర్రతో కొట్టేవాళ్లు. దానికి తొమ్మిదికి అలారం పెట్టి, కీ నిండా తిప్పి, ఫ్రిజ్జులో పెట్టి తలుపు మూసింది. టక్.

తర్వాత ముగ్గుర్నీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, పెద్దలకి కాఫీ, పిల్లకి పాలు ఇచ్చింది.

“ఏంటమ్మా, ఇవాళ ఇంత మర్యాద?”

“నోరు మూసుకుని తాగు.”

గోడ గడియారంలో తొమ్మిదైంది. కొడుకు ఫోను చూసుకుంటున్నాడు. కోడలు పంచదార అడిగింది. ఎవరూ తలెత్తలేదు. ఆమె మనసులో ముప్పై లెక్కపెట్టి పిడి లాగింది.

గంటల మోత ఇల్లంతా దద్దరిల్లేలా బయటపడింది. కోడలి కప్పు ఒలికింది. పిల్ల చెవులు మూసుకుంది.

“ఇందాకట్నించీ మోగుతూనే ఉంది. విన్నారా ఒక్కళ్లన్నా?”

గడియారం దానంతటదే నీరసించి ఆగింది. కోడలు పిల్లని లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కొడుకు లేచి స్క్రూడ్రైవరు తెచ్చాడు. నాలుగు మరలు. ఊడిన గొళ్ళేన్ని మెత్తటి గుడ్డలో పసిగుడ్డులా చుట్టుకుని, “చూశావా, అందమంతా పోయింది” అని గొణిగాడు.

“ఈ పని ముందే చేస్తే నీ సొమ్మేం పోయేదిరా!”

తప్పైపోయిందని ఒక్కమాటైనా లేదు.

గొళ్ళెం లేని తలుపు ఇక మూసుకుని ఉండలేదు. మెల్లగా జారి తెరుచుకుంటూ, గిన్నెలు తోముతున్న ఆమె మోకాలికి ఠపీమని తగిలింది. ఆమె దాన్ని నోరారా తిట్టింది. తిట్టి, అలా తెరిచే వదిలేసింది.